ఆడపిల్లని చూపించకు, మగపిల్లాణ్ణి దాచు

(ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థుల నాటక సంఘం మొదలుపెట్టిన రోజున చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం దించు బాబూ. ఆ, చాలు.

ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ 'ప్రముఖ నటులు' అన్నారు. ఆయన పెద్దమనసు అది. నేను ముప్పై రెండేళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనకాల కూర్చున్నాను. సెలవు దొరికినప్పుడల్లా నాటకాలాడాను. పరిషత్తు పోటీలకి వెళితే మా వంతు రాత్రి రెండింటికి వచ్చేది. అప్పటికి ముందు వరసలో జడ్జీలు, వెనక వరసలో మా తరవాత ఆడాల్సినవాళ్లు, మధ్యలో ఒక కుక్క ఉండేవి. మా ప్రఖ్యాతి అంతవరకే. (నవ్వులు)

నటన ఎలా నేర్చుకోవాలో చెప్పమన్నారు. దానికి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఒక శాఖ ఉంది, హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది, తెలుగు యూనివర్సిటీలో ఉంది. అక్కడ చదువుకున్నవాళ్లు పద్ధతిగా చెబుతారు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, నాటకంలో ఇరుక్కోవడం. ఎలా ఇరుక్కున్నానో చెబుతాను, అందులో మీకు పనికొచ్చేది ఉంటే ఏరుకోండి.

1983. నేను డిగ్రీ రెండో ఏడు. కాలేజీ వార్షికోత్సవానికి 'కన్యాశుల్కం' వెయ్యాలని మా తెలుగు మాస్టారికి బుద్ధి పుట్టింది. మా ఊరికి విజయనగరం బస్సులో గంట దూరం. అక్కడివాళ్లకి ఆ నాటకం ఇంట్లో మనిషి లాంటిది. 1892లో మొదటిసారి ఆడింది విజయనగరంలోనే, జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడ గారు దాన్ని తిరగరాసి, బాగా పెంచి, 1909లో మళ్లీ వేయించారు. ఇప్పుడు మనం చదువుకునేది ఆ రెండో కూర్పే. ఏడంకాలు. ఉన్నదున్నట్టు ఆడాలంటే ఒక రాత్రి చాలదు. మా మాస్టారు దాన్ని రెండున్నర గంటలకి కుదించారు. అందుకు ఆయనకి వేసవి సెలవులన్నీ పట్టాయి. ఏ ముక్క తీసేసినా ఊళ్లో ఎవరో ఒకరు వచ్చి 'అది తీసేశారేటి మాస్టారూ' అని నిలదీస్తారని ఆయన భయం. నిలదీశారు కూడా.

నాకు గిరీశం వేషం కావాలి. కారణం మీరు పెద్దగా ఊహించుకోకండి. కోటు వేసుకోవచ్చు, చుట్ట పట్టుకోవచ్చు, ఇంగ్లీషులో దంచొచ్చు, అమ్మాయిలు చూస్తారు. నెల్లాళ్లు అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. ఎంపిక రోజున మాస్టారు రెండు పేజీలు చదివించుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నీ గొంతు బావుందిరా. ఎంత చిన్నగా చదివినా వినబడుతోంది. ప్రాంప్టింగ్ చెయ్యి" అన్నారు. అంటే తెర పక్కన కూర్చుని, మాట మరిచిపోయినవాళ్లకి చిన్నగా అందించడం.

మీరు నవ్వుతున్నారు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇక్కడ ఒక మాట. కాలేజీ నాటకమంటే పెద్దవాళ్లు చిన్నచూపు చూస్తారు, పిల్లల సరదా అంటారు. మన నాటకం మొదలైందే పిల్లలతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 'వ్యవహార ధర్మబోధిని' ఆడించింది తన విద్యార్థుల చేత. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే ఇవాళ తెలుగు నాటకరంగ దినోత్సవం అంటున్నాం. ఇంకోటి మీరు వినే ఉంటారు. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు 'రాచమల్లుని దౌత్యం' అనే నాటకంలో ఒక కుర్రాడికి నాగమ్మ వేషం ఇచ్చారు. మీసం తీయమంటే ఆ కుర్రాడు ససేమిరా అన్నాడు. మీసంతోనే నాగమ్మ వేశాడు. 'మీసాల నాగమ్మ' అని పేరు పడింది. ఆ కుర్రాడు నందమూరి తారక రామారావు. తరవాత గుంటూరు ఏసీ కాలేజీకి వెళ్లి, అక్కడ జగ్గయ్య గారూ వాళ్లతో కలిసి నాటక సంస్థ పెట్టారు. మీసం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

సరే, ప్రాంప్టింగ్. ఎడమ పక్క వింగులో స్టూలు, చేతిలో నోటుబుక్కు, టార్చిలైటు. రోజూ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా, కెమిస్ట్రీ ల్యాబు వెనక హాల్లో రిహార్సల్స్. మొదటి వారం నా ఏడుపు నాది. రెండో వారం నుంచి ఒక సంగతి గమనించడం మొదలుపెట్టాను. వీళ్లు మాట ఎక్కడ మరిచిపోతున్నారు?

పెద్ద పెద్ద డైలాగుల్లో మరిచిపోతారని అనుకుంటాం. కాదు. నిమిషంన్నర గుక్క తిప్పుకోకుండా మాట్లాడాల్సిన చోట ఎవడూ తడబడలేదు. బట్టీ పట్టారు కదా, రైలు పట్టాలెక్కినట్టు పోయేవారు. మరిచిపోయేది చిన్న మాటల దగ్గర. 'అవును' అనాలి, 'ఎప్పుడూ?' అని అడగాలి, 'ఎవరు చెప్పారు?' అనాలి. అక్కడ నోరు తెరిచి నా వైపు చూసేవారు. నోటుబుక్కు మార్జిన్‌లో టిక్కులు పెట్టుకుంటూ వచ్చాను, ఎవరికి ఎక్కడ అందించానో. ఒక పేజీ చూస్తే అన్నీ చిన్న మాటలే.

కారణం తెలియడానికి ఇంకో వారం పట్టింది. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు వీడు వినడం లేదు. తన వంతు కోసం, బస్సు కోసం నిలబడినట్టు నిలబడుతున్నాడు. వింటే గాని 'ఎప్పుడూ?' అనే ప్రశ్న పుట్టదు. వినకపోతే ఆ మాటకి అర్థం లేదు, అర్థం లేని మాట గుర్తుండదు.

పెళ్లికి సిద్ధమైన పిసినారి ముసలాడు లుబ్ధావధాన్లు వేషం వేసినవాడు ఒక్కడే నాకు పని చెప్పేవాడు కాదు. వాడి నాన్నకి కిరాణా కొట్టు. డబ్బు మాట ఎవడెత్తినా వాడి చెవులు వాటంతటవే నిక్కబొడుచుకునేవి. శుల్కం గురించి, అంటే పిల్లనిచ్చినందుకు ఆడపిల్లవాళ్లకి కట్టే డబ్బు గురించి, బేరం జరుగుతుంటే వాడు నిజంగానే లెక్కవేసేవాడు. ఒకరోజు ఆ పెళ్లి బేరం కుదిర్చే రామప్ప పంతులు వేషం వేసినవాడు నూరు ఎక్కువ చెప్పేశాడు పొరపాటున. మా వాడు పుస్తకంలో లేని తగువుకి దిగి, ఆ నూరూ తగ్గించి గాని తరవాతి డైలాగు చెప్పలేదు. (నవ్వులు) మాస్టారు వాణ్ణి తిట్టలేదు. "అలా ఉండాలిరా" అని మిగతావాళ్లని తిట్టారు.

రెండు నెలలకి నాటకమంతా నాకు నోటికొచ్చేసింది, అందరి పాత్రలూ. మీలో ఎవరికైనా వేషం దొరక్కపోతే ప్రాంప్టింగ్ అడిగి పుచ్చుకోండి. మీ సంఘం పెట్టే ఖర్చులో అంతకంటే మంచి చదువు లేదు.

ప్రదర్శనకి సరిగ్గా ఇరవై రోజులుందనగా శిష్యుడి వేషం వేసే ఫస్టియర్ కుర్రాడికి ఆటలమ్మ పోసింది. మాటలన్నీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా సన్నగా ఉండేవాణ్ణి, మీకిప్పుడు నమ్మబుద్ధి కాదు గాని. వేషం నా మీద పడింది.

నాటకం చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. కరటక శాస్త్రి నాటకాల్లో విదూషకుడి వేషాలు వేసే మనిషి. తన చిన్న మేనకోడల్ని లుబ్ధావధాన్లు అనే ముసలాడికి ఇచ్చి పెళ్లి చేయబోతుంటే ఆపాలి. అందుకని తన శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టి, 'ఈ పిల్ల తక్కువకి దొరుకుతుంది' అని ఆ ముసలాడికే అంటగడతాడు. పెళ్లయిపోయాక శిష్యుడు వేషం తీసేసి చల్లగా జారుకుంటాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఇది మాయగుంట కథ.

నేను చేసింది ఊహించండి. నడుం తిప్పాను, చూపుడువేలు బుగ్గన పెట్టుకున్నాను, కళ్లు టపటపలాడించాను, గొంతు సన్నం చేసి సాగదీశాను. హాలంతా పడీపడీ నవ్వారు. గిరీశం వేసేవాడు కుర్చీలోంచి కింద పడ్డాడు. నాకు ఆకాశం ఒక్క జానెడు దూరంలో ఉంది. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"కూర్చో. ఇప్పుడు నువ్వెవరు?"

"ఆడపిల్లనండి."

"కాదు. నువ్వు ఆడపిల్ల వేషం వేసుకున్న మగపిల్లాడివి. పట్టుబడితే ఏమవుతుంది?"

"తంతారండి."

"తన్నులు తప్పించుకోవాలనుకునేవాడు ఇలా నడుం తిప్పుతాడా? నువ్వు ఆడపిల్లని చూపిస్తున్నావు. వాడు మగపిల్లాణ్ణి దాస్తున్నాడు. నువ్వూ దాచు."

అంతే చెప్పారు. ఎలా దాచాలో చెప్పలేదు. అడిగితే, "అది నాకెలా తెలుస్తుంది, నేనెప్పుడూ వెయ్యలేదు" అన్నారు. మంచి మాస్టారు. కొంతమంది డైరెక్టర్లు ప్రతి డైలాగూ తామే చేసి చూపిస్తారు. అప్పుడు స్టేజీ మీద పది మంది నటులుండరు, ఒక డైరెక్టరు పది బట్టలు కట్టుకుని తిరుగుతుంటాడు.

ఇంటికి వెళ్లి మా చెల్లెల్ని గమనించడం మొదలుపెట్టాను. అది అప్పుడు ఇంటర్ ఫస్టియర్. రెండో రోజుకే పట్టేసింది. "ఏంటన్నయ్యా అలా చూస్తున్నావు?" అంది. చెప్పాను, నువ్వు నడిచేది చూస్తున్నానని. చెప్పడమే కాక నడిచి చూపించాను, నడుం తిప్పుతూ. దాని మొహం మాడిపోయింది. "నేనెప్పుడు అలా నడిచాను? ఎవరు నడుస్తారు అలా?" అని విసురుగా లోపలికి పోయింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు.

నేను నేర్చుకున్న ఆ నడక ఏ ఆడపిల్లదీ కాదని అప్పుడు తట్టింది. స్టేజీ మీద మగవాళ్లు ఆడవేషం వేసినప్పుడు వేసే నడక అది. నేను చూసి నేర్చుకున్నది ఇంకో వేషాన్ని.

మర్నాడు దాని వెనకాలే కాలేజీ దాకా వెళ్లాను, దూరంగా. మా వీధి చివర టీకొట్టు. అక్కడ ఎప్పుడూ నలుగురు కుర్రాళ్లు, వాళ్లలో ఒక్కోసారి నేనూ ఉండేవాణ్ణి. ఆ కొట్టు ఇంకా ఇరవై గజాలుందనగా దాని నడక మారింది. పుస్తకాలు పక్కనుంచి ఛాతీ మీదికొచ్చాయి. అడుగు పొడుగయింది. చూపు నేల మీద, తనకి రెండు గజాల ముందు ఒకే చోట. మొహంలో ఏమీ లేదు, తలుపు వేసేసినట్టు. కొట్టు దాటాక పుస్తకాలు మళ్లీ పక్కకి వెళ్లాయి. మొత్తం ముప్పై సెకన్లు. పదహారేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, నేనెప్పుడూ చూడలేదు. టీకొట్టు వైపు నుంచి చూసినవాడికి అది కనబడదు లెండి.

ఆ ముప్పై సెకన్లే నా వేషానికి పెట్టుబడి.

మధురవాణి గురించి చెప్పాలి. మా కాలేజీలో అమ్మాయిలున్నారు. బుచ్చమ్మ వేషానికి ఒకమ్మాయి ఒప్పుకుంది, ఆ ఇంటివాళ్లని ఒప్పించడానికి మాస్టారి భార్య మూడుసార్లు వెళ్లారు. మధురవాణి అంటే మాత్రం ఏ ఇంట్లోనూ గుమ్మం దాటనివ్వలేదు, వేశ్య వేషం కదా. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని బళ్లారి రాఘవ గారు ఏనాడో పట్టుబట్టారు. ఆయన పోయిందే 1946లో. 1983లోనూ మా ఊళ్లో ఆ మాట ఇంకా దారిలోనే ఉంది. మగవాళ్లు వెయ్యలేరని కాదు. స్థానం నరసింహారావు గారు మధురవాణి వేస్తే జనం చేతులెత్తి మొక్కారు. ఆడవేషాలకే ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చింది. స్థానం వారు ఒక్కరే, మేం మా కాలేజీవాళ్లం. కాబట్టి విజయనగరం నుంచి ఒక నటిని పిలిపించారు. అప్పట్లో ఔత్సాహిక సమాజాలన్నీ అంతే, ఆడవేషాలకి అనుభవం ఉన్న ఆర్టిస్టుల్ని డబ్బులిచ్చి పిలిచేవారు. ఆవిడకి మూడు వందలు, రానూపోనూ బస్సు చార్జీలు.

రెండు రోజుల ముందు వచ్చారు. నలభై దాటి ఉంటాయి. చేతిలో రెక్సిన్ సంచి, అందులో మేకప్ సామాను, మరచెంబు, ఇంత జీలకర్ర పొట్లం. మధురవాణి వేషం ఆవిడకి కొట్టినపిండి. మమ్మల్ని చూసి 'పిల్లలు' అని ఒక నవ్వు నవ్వి, ముందు స్టేజీ ఎక్కి చెప్పులు విప్పి, ఒట్టి కాళ్లతో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచారు. ఒకచోట చెక్క కిర్రుమంది. వెనక్కి వచ్చి మళ్లీ తొక్కారు. "ఇక్కడ అడుగు వెయ్యను నేను. మీరూ వెయ్యకండి" అన్నారు. తరవాత పైన వేలాడదీసిన మూడు మైకుల కింద నిలబడి, ఒక్కోదాని కింద ఒక్కో మాట మామూలు గొంతుతో పలికి, "మధ్యది చెవిటిది" అని తేల్చారు. పావుగంటలో ఆ స్టేజీ ఆవిడ సొంతిల్లయిపోయింది. మేం రెండు నెలలుగా దాని మీద చుట్టాల్లా తిరుగుతున్నాం.

నాతో సీను మొదలయింది. నా మాట చెప్పాను. ఆవిడ జవాబు చెప్పకుండా నా మొహంలోకి చూస్తూ ఊరుకున్నారు. మరిచిపోయారేమో అనుకుని అలవాటుగా అందించాను. (నవ్వులు) "నాకు తెలుసు బాబూ. నువ్విందాక ఆ మాట నాకు చెప్పావా, జనానికి చెప్పావా?" అన్నారు. నీళ్లు నమిలాను. "నాకే చెప్పు. వాళ్లు వింటార్లే. డబ్బులిచ్చుకుని వచ్చేది ఎదటివాళ్ల మాటలు వినడానికేగా." మళ్లీ చెప్పాను. ఈసారి జవాబొచ్చింది. ఆవిడ జవాబు చెబుతుంటే మాత్రం, నాకు తెలిసిన మాటే, నేను రెండు నెలలు రోజూ చదివి వినిపించిన మాటే, మొదటిసారి విన్నట్టుంది. నా మొహంలో ఏం కదిలిందో గాని, "ఆఁ, అదీ" అన్నారు.

తరవాత టీ తాగుతూ అడిగాను, మధురవాణి ఎలా వేస్తారండీ అని. నేనేదో రసం, భావం అని వింటాననుకున్నాను. ఆవిడ, "ఆవిడకి అందరి సంగతులూ తెలుసు. తెలిసినట్టు ఎవరికీ తెలీనివ్వదు. అదొక్కటీ పట్టుకుంటే మూడు గంటలు సరిపోతుంది" అన్నారు.

చూశారా, మాస్టారు చెప్పిన దాచడమే ఇది కూడా. ఆ రాత్రి పడుకుని ఒక్కొక్కళ్లనీ లెక్కేసుకున్నాను. గిరీశం జేబులో కాణీ లేదన్న సంగతి దాస్తాడు. రామప్ప పంతులు తన పిరికితనం దాస్తాడు. కరటక శాస్త్రి తన ఊరూ పేరూ దాస్తాడు. మధురవాణి ఆఖరికి మగవేషం కట్టుకుని సౌజన్యారావు పంతులు గారింటికి వెళుతుంది. దాచడానికి ఏమీ లేనివాడు ఆ చిన్నపిల్ల తండ్రి అగ్నిహోత్రావధాన్లు, అందుకే అరుస్తూ ఉంటాడు. ఇది నా లెక్క. సాహిత్య విమర్శకులు ఒప్పుకోవాలని లేదు, కానీ నటుడికి పనికొస్తుంది. కోపం చూపించు, దుఃఖం చూపించు అంటే ఏం చెయ్యాలో తెలీదు, మొహం వంకరలు తిప్పుతాం. ఏడుపు ఆపుకో అంటే ఎవరికైనా తెలుసు, చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే కదా.

జె.వి.సోమయాజులు గారిని మీ తాతలకి శంకరశాస్త్రిగా తెలుసు. 'శంకరాభరణం' సినిమా చూసి దండాలు పెట్టినవాళ్లున్నారు. ఆయన స్టేజీ మీద ఎన్నో ఏళ్లు వేసిన వేషం రామప్ప పంతులు. తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం. ఒకే మనిషిలో ఆ శాస్త్రీ ఈ పంతులూ ఎలా ఇమిడారా అని నేను చాలాసార్లు అనుకునేవాణ్ణి. ఒకాయన గంభీరంగా ఉండి లోపలి మెత్తదనం దాస్తాడు. ఇంకొకాయన గంభీరంగా ఉండి లోపలి లేకితనం దాస్తాడు. మూత ఒకటే కావచ్చు, గిన్నెలో ఉన్నది వేరు.

ప్రదర్శన రోజు. భరతుడి నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది చెప్పారు. బిగుసుకుపోవడం, చెమట, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, మొహం రంగు మారడం, కన్నీళ్లు, సొమ్మసిల్లడం. ఇవి నటుడికి సాధన మీద గాని రావంటారు. మొదటిసారి స్టేజీ ఎక్కేవాడికి మేకప్ గదిలోనే ఎనిమిదిలో ఆరు ఉచితంగా వచ్చేస్తాయి. (నవ్వులు) నాకు ఏడో దాకా వచ్చింది. మధురవాణి గారు జీలకర్ర నోట్లో వేసి, "నమలు. కడుపులో తిప్పడం ఆగుతుంది" అన్నారు. ఆగలేదు. కాకపోతే నమిలే పని ఒకటి దొరికింది.

రామప్ప పంతులు ఎదట నన్ను పెళ్లికూతురిగా నిలబెట్టే సీను. ఓణీ, పరికిణీ, విగ్గుకి కుట్టిన జడ. విగ్గు అద్దె సామాను, ఎంతమంది తలల మీద తిరిగిందో. పంతులు నా చుట్టూ తిరుగుతూ మాట్లాడుతున్నాడు. జడ కుట్టు ఊడడం నాకు తెలిసింది. వెనక ఏదో వదులయింది, బరువు జారుతోంది. ఇంకో నిమిషంలో పుటుక్కున కింద పడుతుంది, అయిదొందల మంది ముందు.

చెయ్యి వెనక్కి పెట్టి జడ ముందుకి లాక్కుని, రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకున్నాను. తల కదిపితే ఊడుతుంది, కాబట్టి వంచిన తల వంచినట్టే ఉంచాను. చూపు నేల మీద, రెండు గజాల ముందు. పంతులు దగ్గరికొచ్చాడు, నా చేతులు చూశాడు, విషయం అర్థమై వాడూ ఒక అడుగు వెనక్కి వేశాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది. ముందు వరసలోంచి ఒక ముసలావిడ గొంతు, పక్కావిడతో గుసగుసగానే అంది గాని నాకు వినబడింది, "పాపం, గుంట జడిసిపోనాది" అని.

అంతకు ముందు సీనులో నేను మగపిల్లాడిగా వచ్చి వెళ్లాను. ఆవిడ చూసింది. నేను మగాణ్ణని ఆవిడకి తెలుసు. తెలిసీ ఆ మాటంది.

ఆ సీను అయ్యాక వింగులోకి వస్తే మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. నేను గాల్లో తేలుతూ తరవాతి సీనులోకి వెళ్లాను. వెళ్లి దాన్ని తగలేశాను. జడ ఈసారి పిన్నులతో గట్టిగా బిగించారు, ఊడే ప్రమాదం లేదు. అయినా మళ్లీ ముందుకి లాక్కుని, మళ్లీ రెండు చేతులతో పట్టుకుని, తల వంచి, ముసలావిడ వైపు ఓరగా చూశాను, ఏమైనా అంటుందేమోనని. ఆవిడ పక్కావిడతో చుట్టాల సంగతేదో మాట్లాడుతోంది.

తరవాత విశాఖలో ఇంకో ప్రదర్శన జరిగింది. అక్కడా జడ పట్టుకున్నాను. అప్పుడు మాస్టారు తిట్టారు. "ఆ రోజు నీ దగ్గర దాచడానికి ఒకటుంది. ఇవాళ ఖాళీ పెట్టెకి తాళం వేసుకుని తిరుగుతున్నావు." నలభై ఏళ్లయింది, ఆ మాటకి పూర్తి జవాబు నాకు ఇంకా దొరకలేదు. తాత్కాలికంగా ఒక ఉపాయం పెట్టుకున్నాను. ప్రతి ప్రదర్శనకీ ముందు ఒక కొత్త చిన్న రహస్యం ఎంచుకుంటాను. చెప్పులో రాయి ఉందనుకుంటాను, ఒక్కోసారి నిజంగానే పెట్టుకుంటాను. ఎదుటి పాత్ర నాకు అప్పున్నాడు, అడగలేకపోతున్నాను అనుకుంటాను. ఎవరికీ చెప్పను. పది సార్లలో నాలుగు సార్లు పనిచేస్తుంది. ఆరు సార్లు చెప్పులో రాయితో కుంటుతున్న బ్యాంకు గుమాస్తా కనబడతాడు.

మీసం సంగతి అన్నాను కదా. రామారావు గారిది ఆ రోజు దాచనన్న మొండితనం, ఆ వ్యక్తిత్వానికి అది చెల్లింది. మీలో ఎవరైనా అలా మొండికేస్తే, ముందు అంత ఒడ్డూ పొడుగూ ఉన్నాయేమో అద్దంలో చూసుకోండి. (నవ్వులు)

మా చెల్లెలు నాటకానికి వచ్చింది. ఇంటికి వెళ్లేటప్పుడు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. వీధి మలుపు తిరిగాం. టీకొట్టు మూసేసి ఉంది. అక్కడికి రాగానే, "నా వెనకాల వచ్చావు కదూ ఆ రోజు?" అంది. వచ్చానన్నాను. "చెప్పి రావచ్చు కదా" అంది. అంతే. మర్నాటి నుంచి నేను ఆ టీకొట్టు దగ్గర నిలబడడం మానేశాను. నాటకం వల్ల వచ్చిన మార్పు అని గొప్పగా చెప్పడం లేదు. అక్కడ నిలబడితే అది నన్ను చూస్తుందని సిగ్గేసింది, అంతే.

సరే, నా మాటలతో నటన రాదు. ఎవరి దగ్గరైనా పుస్తకం ఉందా? ఏ నాటకమైనా పర్లేదు. ఫోన్లో ఉందా, అదీ సరే. ఇద్దరు రండి. నువ్వు రా అమ్మా, వెనక నవ్వుతున్న నువ్వు కూడా రా బాబూ. ఆ కుర్చీలు పక్కకి లాగండి. చెప్పులు విప్పి ఒకసారి ఆ చివర దాకా నడిచి రండి, ఎక్కడ కిర్రుమంటుందో చూద్దాం.